మొక్కు ఎవరిది, పిలుపు ఎవరిది?

మావాడు పాస్టరవుతానని చెప్పిన రోజు మా ఇంట్లో గుత్తివంకాయ కూర. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాట విన్నాక కూరలో నేను రెండోసారి ఉప్పు వేశాను. మామూలుగా అయితే ఉప్పు ఓ రవ్వ ఎక్కువైనా మావారు ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నోరెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, వరండాలో పేపరు పట్టుక్కూర్చున్నారు. దాన్నిబట్టే ఆయన మనసు ఎలా ఉందో నాకు తెలిసిపోయింది.

వాడప్పుడు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. చదువులో మరీ గొప్పవాడు కాడు, అలాగని వెనకబడ్డవాడూ కాడు. ఎం.ఎస్సీ.కి పోతాడనో, అందరి పిల్లల్లాగే హైదరాబాదు వెళ్ళి కంప్యూటరు కోర్సేదో నేర్చుకుంటాడనో అనుకుంటున్నాం. మావారైతే ఫలానా కోర్సుకి ఫీజెంతో కూడా కనుక్కుని వచ్చారు. ఇంతలో వీడు ఈ మాట అన్నాడు.

వార్త రెండు రోజుల్లో బంధువులందరికీ పాకిపోయింది. మా పెద్దన్నయ్య ఫోను చేసి, "ఉద్యోగం దొరకదని భయపడుతున్నాడా ఏమిటే?" అన్నాడు. మా ఆడపడుచు "మంచిదే గాని వదినా, వాడికి పిల్లనెవరిస్తారు?" అంది. చర్చిలో పెద్దలు మాత్రం నా చేతులు పట్టుకుని "ధన్యురాలివమ్మా, ఎలాంటి కొడుకుని కన్నావు!" అన్నారు. వాళ్ళలో ముగ్గురి కొడుకులు ఇంజనీర్లు, ఒకరి కొడుకు అమెరికాలో ఉన్నాడు. వాళ్ళ ధన్యత వాళ్ళు అటువైపు చూసుకున్నారన్నమాట. ఏ మాటకామాటే చెప్పుకోవాలి గదా!

మేం గుంటూరు వాళ్ళం. లూథరను సంఘం వాళ్ళం. ఈ పేజీ చదివే అక్కచెల్లెళ్ళలో చాలామందికి క్రైస్తవులంటే అందరూ ఒక్కటే అనిపించవచ్చు. మాలోనూ మీ ఇళ్ళల్లో ఉన్నన్ని తేడాలున్నాయి లెండి. 1842 జులై 31న హయ్యరు దొరగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా సంఘం చరిత్ర మొదలవుతుంది. అప్పటికే ఆయనకి యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. నాలుగేళ్ళు పనిచేసి, అమెరికా వెళ్ళి, ఆ వయసులో వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడాయన. పల్నాడు ఎండల్లో గురజాల దాకా తిరిగాడు. బోధ ఒక్కటే చాలదు, జ్వరం వచ్చినవాడికి మందు కూడా ఇవ్వాలని ఆయనకి ఇక్కడికి వచ్చాకే తెలిసిందేమో.

ఇప్పుడు పాస్టరు కావాలంటే అంత దూరం ఓడెక్కి పోనక్కర్లేదు గాని, తతంగం తక్కువేమీ కాదు. డిగ్రీ అయ్యాక ఇంకో నాలుగేళ్ళు బి.డి. చదవాలి. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలై 1973లో హైదరాబాదుకి తరలివెళ్ళిన వేదాంత కళాశాల ఒకటి ఉంది. మద్రాసు కీల్పాకంలో 1927 నాటి లూథరను కళాశాల మరొకటి. దాని పేరు గురుకుల్. ఈ సంగతి మా పక్కింటి పిన్నిగారికి చెబితే ఆవిడ ముక్కున వేలేసుకుని, "గురుకులమా! ఆ పేరు మాదమ్మాయ్!" అన్నారు. "పేరే కాదు పిన్నిగారూ, కష్టం కూడా మీదే. గ్రీకు నేర్చుకోవాలి, హెబ్రీ నేర్చుకోవాలి. సంఘ చరిత్ర, నీతిశాస్త్రం, ప్రసంగం చెప్పడం, రోగుల్ని పరామర్శించడం, ఇతర మతాల సంగతులు, అన్నీ చదవాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా మనవడు కూడా వేద పాఠశాలలో ఉన్నాడు గదా. ఏడో ఏట పంపించారు. వాణ్ణి ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. తీగె మీది తడిబట్టల వైపు చూశారు.

ఆ మాట సూదిలా వచ్చి నాకు గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను. ఇది ఇంతవరకూ మావారితో కూడా సరిగ్గా చెప్పలేదు.

మావాడికి పదో నెలలో వాంతులూ విరోచనాలూ పట్టుకున్నాయి. రెండు రోజుల్లో పిల్లాడు వాడిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. సెలైను ఎక్కించడానికి నరం దొరకలేదు. చెయ్యి చూశారు, కాలు చూశారు, చివరికి తలలో నరానికి సూది పెట్టారు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో స్తంభానికి ఆనుకుని, నేను దేవుడితో ఒక బేరం పెట్టుకున్నాను. "వీణ్ణి బతికించు, వీణ్ణి నీ సేవకే ఇచ్చేస్తాను" అన్నాను. తెల్లవారేసరికి పిల్లాడు ఏడ్చాడు. ఆ ఏడుపంత కమ్మని పాట నేను మళ్ళీ వినలేదు.

తర్వాత ఆ మాట మర్చిపోయానా అంటే మర్చిపోలేదు. చెప్పానా అంటే చెప్పలేదు. ఒక్క మా అత్తగారికి మాత్రం చెప్పాను. ఆవిడ వంటకి బియ్యం తీసినప్పుడల్లా సంఘం కోసం ఓ గుప్పెడు వేరే డబ్బాలో వేసే మనిషి. నా మాట విని, తల నిమిరి, "మంచి మాట అన్నావు, దాచుకో" అన్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. డబ్బా మాత్రం ఇంట్లో ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లాడు తనంతట తానే వచ్చి "నాకు పిలుపు వచ్చిందమ్మా" అంటే నేను ఎగిరి గంతెయ్యాలి గదా. దేవుడు నా మాట గుర్తు పెట్టుకున్నాడని మురిసిపోవాలి. మొదటి రోజు అలాగే మురిశాను. ఉప్పు అందుకే రెండుసార్లు పడింది. రెండో రోజునుంచి నిద్ర పట్టలేదు. వాడు విన్న పిలుపు దేవుడిదా, నాదా?

నేనెప్పుడూ నోటితో చెప్పకపోవచ్చు. కాని తల్లి నోటితోనే చెబుతుందా? ఆదివారంబడిలో వాడు వాక్యం తప్పు లేకుండా అప్పజెబితే నా మొహం వెలిగి ఉంటుంది. క్రికెట్‌లో కప్పు తెచ్చిన రోజు అంతగా వెలిగి ఉండదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు వాడు పాడితే వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడి వినేదాన్ని. సినిమా పాట పాడితే లోపల్నుంచే "చదువుకో" అని అరిచేదాన్ని. పిల్లలు మన మాటలకంటే మన మొహాల్నే ఎక్కువ చదువుతారు. ఇరవై ఏళ్ళు వాడు నా మొహం చదివి, అందులో ఉన్నదాన్నే దేవుడి మాట అనుకున్నాడేమోనని నా భయం.

నేను ఏదైనా తేలనప్పుడు పుస్తకాలు తీస్తాను. బడిపంతులమ్మ అలవాటు. మా మూలపురుషుడు లూథరుగారి జీవితం మళ్ళీ చదివాను. చిన్నప్పుడు చదివినప్పుడు పట్టించుకోని సంగతి ఒకటి ఈసారి పట్టుకుంది. 1505లో ఆయన కూడా కాలేజీ కుర్రాడే. ఇరవై ఒక్క ఏళ్ళు. ఎం.ఏ. పూర్తయి లా చదువుతున్నాడు. తండ్రి గనుల్లో రాగి తవ్వించి, కరిగించి, పైకి వచ్చిన మనిషి. కొడుకు ప్లీడరవుతాడనీ, మంచి సంబంధం చెయ్యాలనీ ఆయన ఆశ. జులై నెలలో దారిలో పెద్ద గాలివాన, పక్కనే పిడుగు. ప్రాణభయంతో ఆ కుర్రాడు, బతికితే సన్యాసినవుతానని పునీత అన్నమ్మకి మొక్కుకున్నాడు. రెండు వారాలు దాటగానే మఠంలో చేరిపోయాడు.

తండ్రి మండిపడ్డాడు. 1507లో కొడుకు మొదటిసారి పూజ జరిపిన రోజున విందుకి వచ్చి అందరి ముందూ ఒక ప్రశ్న వేశాడు. నీకు వినబడింది దేవుడి మాటేనని ఏమిటి నమ్మకం, దయ్యం మాయ కాదు గదా, తల్లిదండ్రుల్ని గౌరవించమన్న ఆజ్ఞ నువ్వు చదవలేదా అని. ఆ ప్రశ్న ఆ కొడుకుని పద్నాలుగేళ్ళు వెంటాడింది. 1521లో మఠవాసుల మొక్కుల మీద పుస్తకం రాసి, దాన్ని ఆ తండ్రికే అంకితమిచ్చాడు. భయంతో బలవంతాన పెట్టుకున్న మొక్కు మొక్కు కాదని అందులో ఒప్పుకున్నాడు. అయినా ఆ మఠంలో గడిపిన ఏళ్ళు వృథా కాలేదనీ, వాటినీ దేవుడు పనికి తెచ్చుకున్నాడనీ కూడా అనుకున్నాడు.

మీకొకటి తట్టిందా? అక్కడ మొక్కింది కొడుకు, కాదన్నది తండ్రి. మా ఇంట్లో మొక్కింది తల్లి, కట్టుబడాల్సింది కొడుకు. ఇది ఇంకా అన్యాయం. పిడుగు నా పక్కన పడితే మఠానికి వాడు పోవడం ఏమిటి?

లూథరుగారి భార్య కథ చూస్తే నాకు మరీ సిగ్గేసింది. కేథరీనమ్మని పసితనంలోనే తండ్రి మఠం బడిలో వేశాడు. 1515లో, పదహారేళ్ళకి, సన్యాసినిగా ప్రమాణం చేయించారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. 1523 ఈస్టరు వేళ ఇంకొందరు సన్యాసినులతో కలిసి, చేపల పీపాలు చేరవేసే వర్తకుడి బండెక్కి తప్పించుకుంది. రెండేళ్ళకి లూథరుని పెళ్ళాడింది. ఆ తర్వాత ఆ ఇల్లు చూడాలి! పాత మఠమే వాళ్ళ ఇల్లు. ఆరుగురు పిల్లలు. గదుల్నిండా అద్దెకి ఉండే విద్యార్థులు, వాళ్ళకి వంట. తోట, పశువులు, వీటితోబాటు ఇంట్లో బీరు కాచడం కూడా ఆవిడ పనే. ఆ విద్యార్థులు భోజనాల దగ్గర లూథరు మాట్లాడిన మాటలు రాసిపెట్టుకున్నారు, అవి పుస్తకాలయ్యాయి. ఆ భోజనం ఎలా వచ్చిందో మాత్రం పుస్తకంగా ఎవరూ రాసినట్టు లేదు. బోధకుల్ని తయారుచేసే మా సంప్రదాయంలో మొట్టమొదటి హాస్టలు నడిపింది ఆవిడేనని నేనంటాను.

పిల్లల్ని దేవుడికి ఇవ్వడమన్నది ఎంత దూరం పోతుందో మనకి వేరే దేశం చూపించక్కర్లేదు. మన పల్లెల్లో జబ్బు చేసిన ఆడపిల్లని దేవతకి మొక్కేసి, జోగినిని చేసి, ఆ పిల్ల బతుకు ఊరిపాలు చేసిన తల్లిదండ్రులున్నారు. 1988లో మన రాష్ట్రం చట్టం చేసి దాన్ని నిషేధించింది. ఆ తల్లి మూఢురాలనీ, నేను చదువుకున్నదాన్ననీ అనుకోవచ్చు. నా కొడుక్కి రాబోయేది గౌరవమైన జీవితం, అది వేరు సంగతే. కాని ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆ తల్లిలో ఉన్న భయం, నాలో ఉన్న భయం ఒక్కటే. తనది కాని బతుకుని బేరంలో పెట్టడమూ ఒక్కటే.

బైబిల్లో హన్నా ఉంది గదా అని మా చెల్లెలు ఓదార్చింది. నిజమే. హన్నా కూడా కొడుకు పుడితే దేవుడికే ఇస్తానని మొక్కుకుంది. పాలు మానగానే సమూయేలుని తీసుకెళ్ళి షిలోహు మందిరంలో వదిలింది. ఏటేటా చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకెళ్ళేది. పిల్లాడు ఎంత ఎదిగాడో ఎదురుగా లేకుండా కొలత ఎలా ఊహించేదో పాపం! ఆ అంగీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు కళ్ళనీళ్ళు ఆగవు. కాని ఈసారి ఆ కథలో రెండో భాగం జాగ్రత్తగా చూశాను. తల్లి మొక్కుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. దేవుడు ఆ పిల్లాణ్ణి విడిగా, వాడి పేరు పెట్టి, రాత్రివేళ పిలిచాడు. పిల్లాడు అది ముసలి యాజకుడు ఏలీ పిలుపనుకుని పరుగెత్తాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి గాని ఏలీకి విషయం తెలియలేదు. అప్పుడు ఆయన చేసిందల్లా, మళ్ళీ పిలుపు వస్తే ఏమని జవాబు చెప్పాలో నేర్పి, వెళ్ళి పడుకోమనడం.

కాలేజీలూ వేదాంత కళాశాలలూ చెయ్యగలిగింది అంతే కాబోలు. పిలవడం వాళ్ళ చేతిలో లేదు. పిలుపు వస్తే జవాబు చెప్పడం నేర్పగలరు. పైగా ఆ ఏలీ సొంత కొడుకులిద్దరూ దుర్మార్గులయ్యారు. గుడిలో పుట్టి పెరిగినవాడు మంచివాడవుతాడన్న హామీ లేదు. చదువుకుంటే అవుతాడన్న హామీ అంతకన్నా లేదు.

అయితే చదువెందుకు మరి? దీనికీ లూథరుగారే జవాబు చెప్పారు. 1528లో ఆయన సాక్సనీ పల్లెల్లో సంఘాలు తనిఖీ చెయ్యడానికి వెళ్ళాడు. జనం మాట దేవుడెరుగు, కొందరు బోధకులకే బోధించడం చేతకావడం లేదు. ఆ బాధతోనే 1529లో చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. నేనూ, నా కొడుకూ కన్ఫర్మేషనుకి బట్టీపట్టింది అదే. కాబట్టి మంచి మనసు ఉంటే చాలు, చదువక్కర్లేదనే మాట మా దగ్గర చెల్లదు. రాని వైద్యుడి మంచి మనసు రోగికి ఏం పనికొస్తుంది? మళ్ళీ ఆయనే 1539లో, వేదాంతిని తయారుచేసేవి మూడని రాశాడు. ప్రార్థన, ధ్యానం, మూడోది శోధన. మొదటి రెండింటికీ టైంటేబుల్లో గంట వెయ్యవచ్చు. శోధనకి గంట ఎక్కడ వేస్తారు? ఆ పాఠం ఎవరు చెబుతారు?

ఆ పాఠం మావాడికి ఓ వేసవిలో కొంచెం దొరికింది. సెలవుల్లో వాడు ఒక పెద్దవయసు పాస్టరుగారి వెంట పల్లెలు తిరగడానికి వెళ్ళాడు. ఒక రోజు ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లాడు కాలవలో పడి పోయాడు. ఈయన వెళ్ళి చాప మీద కూర్చున్నారు. మావాడు బైబిలు తెరిచి, ఏ వాక్యం చదువుతారోనని చూస్తున్నాడు. ఆయన ఏమీ చదవలేదు. గంట గడిచింది. లేచి, ఇంట్లో బిందెలు ఖాళీగా ఉన్నాయని చూసి, బోరింగు దగ్గరికి వెళ్ళి రెండు బిందెలు కొట్టుకుని వచ్చారు. మళ్ళీ కూర్చున్నారు. చీకటి పడ్డాక చిన్న ప్రార్థన చేసి లేచారు. దారిలో మావాడు ఉండబట్టలేక, "అయ్యగారూ, మీరేమీ చెప్పలేదేమండీ?" అని అడిగాడట. "ఏం చెబుతావో నువ్వు చెప్పు" అన్నారట ఆయన. మావాడికి మాట రాలేదు. "నాకూ రాలేదు. రానప్పుడు నోరు మూసుకోవడం నేర్చుకోడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది" అన్నారట.

ఆ రాత్రి ఇంటికొచ్చి వాడు అన్నం తినలేదు. "అమ్మా, నేను అక్కడ చదవడానికి మూడు వాక్యాలు వెతికి పెట్టుకున్నాను. అందులో ఏది చదివినా ఆ తల్లి నన్ను కొట్టేదేమో" అన్నాడు.

ఇరవై ఏళ్ళవాణ్ణి ఇలాంటి ఇళ్ళకి పంపడం న్యాయమేనా? మనమైతే పరీక్షల ముందు పిల్లల్ని చావింటి ఛాయలకి పోనివ్వం. వీడు జీవితమంతా ఆ చాప మీదే కూర్చోవాలి. ఏ పల్లెలో ఏ ఇంట్లో ఏది పెడితే అది మారు మాట్లాడకుండా తినాలి. జీతం అంతంతమాత్రం. కొన్నేళ్ళకోసారి బదిలీ. రేపు వీణ్ణి కట్టుకునే పిల్ల సంగతి అంతకన్నా. ఆ పిల్లకి ఏ కళాశాలా ఏ శిక్షణా ఇవ్వదు. కాపరానికి వచ్చిన మర్నాడే ఊరంతా "అమ్మగారూ" అని పిలుస్తారు. స్త్రీల సమాజం నడపాలి, అతిథులకి వండాలి, ఎవరితో ఎక్కువ మాట్లాడినా తక్కువ మాట్లాడినా తప్పే. మా ఆడపడుచు పిల్లనెవరిస్తారని అడిగింది. నాకేమో ఆ వచ్చే పిల్లనైనా ముందు ఎవరైనా అడుగుతారా అని ఉంది.

ఇంకో గట్టి దెబ్బ నాకు మా సిద్ధాంతం దగ్గరే తగిలింది. మా వాళ్ళ అసలు మాట ఏమిటి? దేవుడి దయ ఉచితం, దాన్ని ఏమీ ఇచ్చి కొనలేం అని. ఆదివారంబడిలో పిల్లలకి ఇరవై ఏళ్ళు ఈ పాఠం నేనే చెప్పాను. అదే నోటితో ఆ రాత్రి, "ఇది ఇస్తాను, అది ఇవ్వు" అని బేరమాడాను. లూథరను ఇంట్లో మొక్కు! కొబ్బరికాయ కొట్టలేదు, అంతే తేడా. మా పక్కింటి పిన్నిగారికి చెబితే నవ్వేవారు. "అందరం ఆడవాళ్ళమే కదమ్మాయ్" అనేవారు.

పోనీ, పాస్టరు కావడం మిగతా పనులకంటే పవిత్రమైన పనా అంటే అదీ కాదంటుంది మా మతం. చెప్పులు కుట్టేవాడి పనీ, పొలం దున్నేవాడి పనీ, పిల్లల గుడ్డలు ఉతికే తండ్రి పనీ, అన్నీ దేవుడిచ్చినవే అని 1522 నాటికే లూథరు రాశాడు. తండ్రి అని రాశాడు చూడండి, తల్లి అని కాదు. ఐదొందల ఏళ్ళయినా మన మగవాళ్ళు ఆ పేజీ దాకా వచ్చినట్టు లేరు. మా గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టరు కుగ్లరమ్మని ఆడవాళ్ళకి చదువు చెప్పమని పంపించారు. ఇక్కడి ఆడవాళ్ళు పురుళ్ళకి పడుతున్న బాధ చూసి ఆవిడ వైద్యం మొదలుపెట్టింది. 1898లో ఆస్పత్రి కట్టింది. ఆవిడ ఏ పీఠమూ ఎక్కలేదు. ఆవిడది పిలుపు కాదని ఎవరనగలరు? మరి మావాడు లెక్కల మాస్టారైనా దేవుడి పనే అయినప్పుడు, పాస్టరే కావాలని నా మనసు ఎందుకు పట్టుబట్టింది? బాకీ తీర్చుకోవాలని. వాడి బతుకుతో నా బాకీ.

ఇంతా తెలిశాక చెప్పకుండా ఉండడం అబద్ధంతో సమానం. ఒక ఆదివారం మధ్యాహ్నం మావారు నిద్రపోతుంటే వాణ్ణి వరండాలోకి పిలిచి, ఆస్పత్రి వరండా సంగతి మొత్తం చెప్పాను. "ఆ మాట నాది. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు దానికి బాకీ లేవు" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసమ్మా. నానమ్మ చెప్పింది, ఐదో క్లాసులో ఉన్నప్పుడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పదేళ్ళు! పదేళ్ళు వాడు తెలుసని చెప్పకుండా, నేను తెలియదనుకుంటూ, ఒకే ఇంట్లో తిరిగాం. "మరి నీకు కోపం రాలేదట్రా?" అన్నాను. "వచ్చింది. టెన్తులో వచ్చింది. చర్చికి రానని గొడవ చేశాను, గుర్తుందా? నువ్వు వయసు అనుకున్నావు" అన్నాడు. ఆగి, "తర్వాత పోయింది. కాని నాకు ఇష్టమై వెళుతున్నానో, నువ్వు బాధపడతావని వెళుతున్నానో నాకే తెలిసేది కాదు. నువ్వు చెబుతావేమోనని చూశాను. ఇప్పుడు వెళ్ళకపోయినా ఫరవాలేదు గదా?" అన్నాడు.

"ఫరవాలేదు" అన్నాను. ఆ మాట అనడం, ఆస్పత్రిలో మొక్కుకోవడంకంటే కష్టమైంది.

డిగ్రీ అయ్యాక వాడు దరఖాస్తు పెట్టలేదు. పల్నాడులో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పడానికి చేరాడు. చర్చిలో నా చేతులు పట్టుకున్నవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. మావారు మాత్రం కూరలో ఉప్పు గురించి మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ ఏడాదంతా నేను వాణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. మొహం మీద కూడా ఏమీ కనబడకుండా ఉండాలని చూశాను. అది ఎంత కష్టమో మీలో తల్లులైనవారికి చెప్పక్కర్లేదు.

మా సంఘాల మూల ఒప్పుకోలు, ఆగ్స్‌బర్గు పత్రం అంటారు, 1530 నాటిది. సరైన పద్ధతిలో పిలవబడనివాడు సంఘంలో బోధించకూడదని అందులో పద్నాలుగో అంశం. చిన్నప్పుడు అది ఆఫీసు రూలులా అనిపించేది. ఇప్పుడు దాని అర్థం కొంచెం తెలుస్తోంది. ఎవడికి వాడు నాకు పిలుపొచ్చిందంటే చాలదు. తల్లి అంటే అసలే చాలదు. నలుగురు బయటివాళ్ళు, వాణ్ణి ముద్దు చెయ్యని వాళ్ళు, వాణ్ణి చూసి, పరీక్షించి, రమ్మనాలి. మనసులో ఉన్నదానికీ బయటివాళ్ళు చూసినదానికీ పొత్తు కుదరాలి. పెళ్ళిచూపుల్లాంటిదే ఇదీ. ఒక్కరి ఇష్టంతో అయ్యేది కాదు.

మళ్ళీ వేసవి వచ్చింది. వాడు ఇంటికొచ్చి, సంచీలోంచి ఒక దరఖాస్తు ఫారం తీశాడు. ఆ ఊళ్ళో తన దగ్గర చదివే పిల్లాడి తండ్రి చనిపోతే వెళ్ళి కూర్చున్నాననీ, ఆ ఇంట్లో తనకి వాక్యం వెతుక్కోవాలనిపించలేదనీ మాత్రం చెప్పాడు. ఎందుకు ఈ సేవకి రాదలచుకున్నావో రాయమని ఫారంలో ఓ పేజీ ఉంది. రాసి, మడిచి పెట్టాడు. నేను చదువుతానని అడగలేదు, వాడు చూపించలేదు. వాణ్ణి తీసుకుంటారో లేదో ఇంకా తెలియదు. తీసుకోకపోతే వాడికి లెక్కలున్నాయి.

మీ ఇళ్ళల్లో మొక్కులు లేవనుకోకండి. డాక్టరనీ, అమెరికా అనీ, ఫలానా ఇంటి కోడలనీ, పిల్లలు ఉయ్యాల్లో ఉండగానే మనం ఎన్ని మొక్కుకుంటాం! దేవుడి పేరు ఉండదు గాని అవీ మొక్కులే. వాళ్ళు అవన్నీ మన మొహాల్లో చదివేసుకుని, మనం సంతోషిస్తామని మోస్తూ ఉంటారు. ఒక్కసారి పిలిచి, "ఇది నాది, నీది కాదు" అని చెప్పి చూడండి. వాళ్ళకి ముందే తెలుసేమో కూడా చూడండి.

ఫారం చివర తల్లిదండ్రుల సమ్మతి అని ఒక గడి ఉంది. మావారు సంతకం పెట్టి నాకిచ్చారు. నేనూ పెట్టాను. అందులో సమ్మతి ఒక్కటే అడిగారు. మొక్కు సంగతి ఎక్కడా అడగలేదు.